ఆదరణ అనే మాట: మా చావుల చరిత్ర



పోయిన నెల మా పెద్దమ్మ ఆదరణ కూడికకు కోదాడ పక్కన మా ఊరికి వెళ్లాను. ఇంటి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, పెద్దమ్మ ఫొటోతో ఫ్లెక్సీ. ఫ్లెక్సీ మీద పుట్టిన తేదీ పక్కన "మహిమ ప్రవేశం" అని ఇంకో తేదీ. రెండు పాటలు పాడాక పాస్టరు గారు వాక్యం తీశారు. థెస్సలొనీకయులకు పౌలు రాసిన మొదటి పత్రిక, నాలుగో అధ్యాయం. మాల, మాదిగ వాడల్లో చర్చి నీడన పెరిగిన వాళ్లెవరికైనా ఆ భాగం చదవకుండానే వచ్చు. ఎన్ని చావులు చూస్తే అన్నిసార్లు విని ఉంటాం.

అరగంట బాగానే చెప్పారు. చివర్లో మాత్రం ఒక మాట అన్నారు. "విశ్వాసులు ఏడవకూడదు. ఏడిస్తే మనకు నిరీక్షణ లేనట్టే."

నా పక్కన కూర్చున్న మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. చిన్నప్పుడు తనను చంకనేసుకుని నాట్లకు తీసుకుపోయిన అక్క పోయింది. ఏడుపు గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. కూడికలో కూర్చున్నంతసేపూ ఆ కొంగు తీయలేదు.

తిరిగి సూర్యాపేట బస్సులో వస్తుంటే అడిగింది. "ఏడిస్తే తప్పా బిడ్డా?"

తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ ఉన్నవాణ్ని. రోజూ క్లాసులో పద్యాలకు తాత్పర్యం చెప్పి జీతం తీసుకునేవాణ్ని. అమ్మకు మాత్రం అప్పటికప్పుడు ఏమీ చెప్పలేకపోయాను. ఈ వరుసలో ఇప్పటిదాకా బడి గురించి, బావి గురించి, భూమి గురించి రాశాను. ఈ వారం చావు గురించి రాస్తున్నాను. అమ్మకు బస్సులో చెప్పలేకపోయిన జవాబు ఇది.

ముందు ఆ పత్రిక సంగతి చూద్దాం.

పౌలు దాన్ని సుమారు క్రీ.శ. 50-51లో కొరింథు నుంచి రాశాడని ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటారు. కొత్త నిబంధనలో అన్నిటికన్నా పాత రాతల్లో అదొకటి. నాలుగు సువార్తల కంటే ముందుది. అంటే క్రైస్తవులు రాసుకున్న తొలి కాగితాల్లోనే చావింటి దుఃఖం ఉంది. థెస్సలొనీక మాసిడోనియాలో ఒక రేవు పట్టణం. ఇప్పటి గ్రీసులో ఉంది. మీ చేతులతో మీరు పనిచేసుకుని బతకండని ఆ సంఘానికి పౌలు చెప్తాడు. అందులో ఎక్కువమంది కాయకష్టం చేసేవాళ్లే అనుకోవడానికి ఆ మాట చాలు.

వాళ్లకొక భయం పట్టుకుంది. క్రీస్తు త్వరలోనే తిరిగి వస్తాడని అందరూ ఎదురుచూస్తున్నారు. ఆయన రాకముందే కొందరు చనిపోయారు. మరి వాళ్ల గతి ఏమిటి? ఆ రోజు వచ్చినప్పుడు బతికున్నవాళ్లం ముందుకు పోతే, మట్టిలో ఉన్నవాళ్లు వెనకబడిపోతారా?

పౌలు జవాబు సారాంశం ఇంతే. వెనకబడరు. ముందు లేచేది వాళ్లే. బతికున్నవాళ్లం ఆ తర్వాత వాళ్లతో కలుస్తాం.

బావి దగ్గర, రేషన్ షాపు దగ్గర, ఊరి పెళ్లి పంక్తిలో తరతరాలుగా చివర నిలబడ్డ మనిషికి "మీవాళ్లు ముందు" అన్న మాట ఎట్లా వినిపించి ఉంటుందో ఒకసారి ఆలోచించండి. కాలేజీలో వర్ణనలు, అలంకారాలు ఎన్ని చెప్పినా, మా వాడలో ఆ ఒక్క మాట చేసిన పని ఏ కావ్యమూ చేయలేదు.

ఇక ఏడుపు సంగతి. పౌలు ఏడవొద్దని రాయలేదు. ఆశ లేనివాళ్లలాగా దుఃఖపడొద్దని రాశాడు. అందులో ఒక పోలిక ఉంది. ఆ పోలికను తీసేసి చదివితే వాక్యం తలకిందులవుతుంది. "తాగుబోతులాగా నడవకు" అంటే నడవడం మానేయమని కాదు కదా. యోహాను సువార్తలో లాజరు చనిపోతే యేసు ఏం చేశాడు? కాసేపట్లో అతణ్ని లేపబోతున్నాడు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అయినా ఆ ఇంటివాళ్ల ఏడుపు చూసి తనూ ఏడ్చాడు. లేపగలిగినవాడే ఏడ్చినప్పుడు, లేపలేని మా అమ్మ ఏడవకూడదని చెప్పే హక్కు ఎవరికుంది?

ఇప్పుడు "ఆదరణ" అనే మాట దగ్గరికి వద్దాం. నాకు ఈ వ్యాసం మొత్తం ఆ ఒక్క మాటలోనే ఉంది.

చావింట్లో దుఃఖం తగ్గించడానికి తెలుగులో మామూలుగా వాడే మాట ఓదార్పు. బైబిలు తెలుగులోకి తెచ్చినవాళ్లు ఆ మాటా వాడారు. కానీ థెస్సలొనీక పత్రికలో ఈ భాగం ముగిసేచోట, ఒకరికొకరు ధైర్యం చెప్పుకోండి అనాల్సిన దగ్గర "ఆదరించు" అనే క్రియ పెట్టారు. పరిశుద్ధాత్మకు "ఆదరణకర్త" అని పేరు పెట్టారు. అక్కడి నుంచే మన "ఆదరణ కూడిక" వచ్చింది. మూలంలో ఉన్న గ్రీకు క్రియకు పక్కకు పిలుచుకోవడం, పక్కన నిలబడి ధైర్యం చెప్పడం అని అర్థం.

తెలుగులో ఆదరం అంటే ఏమిటి? గౌరవం. మర్యాద. "వాళ్లింటికి పోతే బాగా ఆదరించారు" అంటాం. అంటే కూర్చోబెట్టారు, నీళ్లిచ్చారు, మనిషిగా చూశారు అని. నిరాదరణ అంటే అవేవీ దక్కకపోవడం. బతికినన్నాళ్లూ నిరాదరణ తప్ప ఎరగని జాతికి, చావింట్లో ఓదార్పు కంటే ముందు కావలసింది ఆదరణే. ఆ మాట ఎంచుకున్న అనువాదకులకు మా వాడల సంగతి ఎంత తెలుసో చెప్పలేను. మాట మాత్రం సరిగ్గా మా గాయం మీదే పడింది.

ఎందుకంటే ఊరి చావులన్నీ మోసింది మేమే.

మా తాత 1940లలో, నిజాం రాజ్యంలో, వెట్టి కాలంలో పెరిగినవాడు. ఊళ్లో దొర బంధువులు ఎవరైనా పోతే చావు కబురు మోయడం మా వాళ్ల పని. అర్ధరాత్రి లేపి పంపేవాళ్లు. చెప్పుల్లేవు, లాంతరు లేదు. తెల్లారేలోపు పది ఊళ్లు తిరగాలి. కబురు చెప్పి వాకిలి బయట దూరంగా నిలబడితే ఎవరో వచ్చి దోసిట్లో ఇన్ని గింజలు పోసేవాళ్లు. ఒక్కోచోట అవీ లేవు. కాటికి కట్టెలు మేమే కొట్టాలి, గొయ్యి మేమే తవ్వాలి, శవం ముందు డప్పు మేమే కొట్టాలి. గొడ్డు చచ్చినా మేమే ఈడ్చాలి. మొత్తం ఊరి మరణానికి మేం కూలీలం. కూలి కూడా సరిగ్గా ఇవ్వని కూలీలం.

మరి మా ఇంట్లో చావు జరిగితే? ఆ రోజు కూడా పనికి పిలుపు వచ్చేది. శవాన్ని గబగబా వాగు ఒడ్డున పూడ్చి మళ్లీ పొలంలోకి దిగాలి. ఊరు వచ్చేది కాదు. గుర్తు పెట్టడానికి రాయి ఉండేది కాదు. రెండు వానలు పడితే ఎవరిని ఎక్కడ పెట్టామో తెలిసేది కాదు. మా తాత చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది. "మనోళ్లకు చావు ఉండేది గానీ సమాధి ఉండేది కాదు బిడ్డా."

ఈ నేపథ్యం లేకుండా క్రైస్తవం మా వాడలకు ఎందుకు వచ్చిందో అర్థం కాదు. గోధుమ రవ్వకు, పాలపొడికి మారారని తేలిగ్గా మాట్లాడేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. 1876-78 మహా కరువులో ఒంగోలు దగ్గర అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని గుత్తకు తీసుకుని వేలమందికి పని ఇచ్చాడు. కరువు నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని. కరువు తగ్గుముఖం పట్టాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందులో ఎక్కువమంది మాదిగలు. దానికి పన్నెండేళ్ల ముందే, 1866లో, తోళ్ల వ్యాపారం చేసుకునే యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకుని ఊరూరా తిరిగి తన కులపువాళ్లకు సువార్త చెప్పాడు. దొరలు వచ్చి మార్చారనే కథలో పేరయ్యలాంటి వాళ్లు కనబడరు. నిజానికి వాడ నుంచి వాడకు ఆ మాట మోసింది మావాళ్ల కాళ్లే. చావు కబురు మోసిన కాళ్లు ఈసారి బతుకు కబురు మోశాయి.

నల్లగొండకు ఆ కబురు ఇంకో దారిన వచ్చింది. రష్యా సామ్రాజ్యంలో, ఇప్పటి ఉక్రెయిన్ ప్రాంతంలో ఉండే జర్మన్ మాట్లాడే మెన్నోనైట్ బ్రెదరెన్ రైతు కుటుంబాల నుంచి అబ్రహాం ఫ్రీజెన్, మరియా ఫ్రీజెన్ దంపతులు వచ్చి, అమెరికన్ బాప్టిస్టులతో కలిసి 1890లో నల్లగొండలో మిషన్ మొదలుపెట్టారు. వాళ్ల వెనకే వచ్చిన అబ్రహాం హ్యూబర్ట్ 1900లో సూర్యాపేట కేంద్రం తెరిచాడు. కేథలిక్కుల పని వేరే దారిలో సాగి, 1976లో నల్లగొండ మేత్రాసనంగా ఏర్పడింది. ఇప్పుడు కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్లు తిరిగితే, వాడ చివర ఒక చిన్న చర్చి, దాని అవతల ఎక్కడో తుమ్మచెట్ల మధ్య సున్నం కొట్టిన సమాధులు చాలాచోట్ల కనిపిస్తాయి.

ఆ సమాధులే నా ఆధారాలు. మా వాడల్లో చావు ఎట్లా మారిందో అవి చెప్తాయి.

మొదటి మార్పు, మోసేవాళ్లు. మా ముత్తవ్వ చనిపోయినప్పుడు ఊరు నుంచి ఎవరూ రాలేదు. కానీ చుట్టుపక్కల మూడు ఊళ్ల నుంచి సంఘం వాళ్లు నడిచి వచ్చారట. ఇంటికింత అని పోగుచేసి పెట్టె చేయించారట. మా కుటుంబంలో పెట్టెలో పోయిన మొదటి మనిషి ఆమె. ఇది మా ఊరి వింత కాదు. రెండో శతాబ్దం చివర్లో ఉత్తర ఆఫ్రికాలో తెర్తుల్లియన్ అనే రచయిత, క్రైస్తవులు నెలనెలా వేసుకునే చందాలు ఎక్కడ ఖర్చవుతాయో చెప్తూ, బీదలను పూడ్చడాన్ని అందులో లెక్కపెట్టాడు. నాలుగో శతాబ్దంలో క్రైస్తవాన్ని అణచాలనుకున్న జూలియన్ చక్రవర్తి కూడా, ఈ మతం పెరగడానికి చనిపోయినవాళ్ల సమాధుల పట్ల వీళ్లు చూపే శ్రద్ధ ఒక కారణమని ఒప్పుకున్నాడు. రోములో, మా ఊళ్లో ఒకటే జరిగింది. దిక్కులేని శవానికి నలుగురు భుజం పట్టారు.

రెండో మార్పు, పేరు. మా నాయనమ్మకు రేషన్ కార్డులో ఒక పేరు, సమాధి మీద ఇంకో పేరు. కార్డులోది గ్రామదేవత పేరు. సమాధి మీదిది బాప్తిస్మం పేరు. చాలామంది దళిత క్రైస్తవుల ఇళ్లలో ఇదే కథ. కారణం అందరికీ తెలిసిందే. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను ఇప్పటికీ చేర్చలేదు. మన దగ్గర క్రైస్తవులైన ఎస్సీలు కాగితం మీద బీసీ-సీ అయిపోతారు. ఒక్క శాతం రిజర్వేషన్. మతం మారినా చాయ్ దుకాణంలో గ్లాసు మారలేదు. కాగితం మాత్రం మారుతుంది. అందుకని బతికినంతకాలం సర్టిఫికెట్ పేరుతో బతికి, చనిపోయాక సొంత పేరుతో పడుకుంటున్నారు. తన పేరుతో తాను ఉండగలిగిన ఒకే ఒక్క చోటు సమాధి అయిన మనుషులు ఈ దేశంలో ఎంతమంది? ఆ రాయి మీద పేరు చెక్కించడం కూడా ఆదరణే.

మూడో మార్పు, పాట. డప్పు స్థానంలో కీర్తన వచ్చింది. ఇక్కడ నాకు సంతోషమూ ఉంది, బాధా ఉంది. ఊరి శవం ముందు బలవంతంగా కొట్టే డప్పు ఆగడం విముక్తి. కానీ మిషనరీలు డప్పునే పాపమన్నట్టు చూడటంతో మా తాతల చేతుల్లోని విద్య కొంత పోయింది. పెద్దమ్మ శవయాత్రలో మా తమ్ముడి వరస పిల్లలు నలుగురు కీర్తనకు డప్పు కలిపి కొట్టారు. పెద్దవాళ్లలో కొందరు మొహం చిట్లించారు. మా అమ్మ మాత్రం "మీ పెద్దమ్మకు డప్పంటే పానం" అంది. సొంత చావుకు సొంత డప్పు. అది వెట్టి కాదు.

అయితే అంతా బాగుందని చెప్తే అబద్ధమవుతుంది.

మన జాషువా (1895-1971) చాలాకాలం కిందటే శ్మశానం గురించి పద్యాలు రాశాడు. హరిశ్చంద్ర నాటకం ఆడినచోటల్లా అవి మోగాయి. కాటిలోకి చేరాక రాజూ బీదా ఒకటేనని, అక్కడ అంటు పాటించేవాడు లేడని ఆయన భావం. వినుకొండలో క్రైస్తవ ఇంట్లో పుట్టి, అంటరానితనాన్ని కడుపునిండా అనుభవించిన కవి, కనీసం అక్కడైనా సమానత్వం ఉంటుందని ఆశపడ్డాడు. శ్మశానం ఆయన మాట వినలేదు. తమిళనాడులో తిరుచిరాపల్లి మేలపుదూర్‌లోని కేథలిక్ సమాధుల తోటలో దళితులను వేరుచేస్తూ మధ్యలో గోడ కట్టారు. ఒకే ప్రభువును నమ్మి, ఒకే పునరుత్థానం కోసం ఎదురుచూస్తూ, గోడకు అటూ ఇటూ పడుకున్నారు. ముందు లేచేది ఎవరని ఆ గోడను అడగాలనిపిస్తుంది.

2025 జనవరి 7న ఛత్తీస్‌గఢ్ బస్తర్ ప్రాంతంలో మహ్రా కులానికి చెందిన ఒక పాస్టరు చనిపోయాడు. సొంత ఊళ్లో పూడ్చనివ్వలేదు. కొడుకు హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లాడు. శవం మార్చురీలో ఉండిపోయింది. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు రెండు రకాలుగా తీర్పు చెప్పారు. ఒకరు సొంత పొలంలో పూడ్చుకోనివ్వమన్నారు, ఇంకొకరు వద్దన్నారు. శవం అప్పటికే ఇరవై రోజులుగా ఉందని, చివరికి ఇరవై కిలోమీటర్ల అవతల ఉన్న క్రైస్తవ శ్మశానంలో పూడ్చమన్నారు. తాతలు పడుకున్న ఊళ్లో తండ్రికి ఆరడుగుల నేల దొరకలేదు.

మన దగ్గర? తెలంగాణలో ఊరూరా "వైకుంఠధామం" కట్టారు. కట్టడం మంచిదే. కానీ ఊరందరి శ్మశానానికి ఆ పేరు పెట్టేముందు, దహనం కాకుండా పూడ్చుకునే మా వాడను అడిగినవాళ్లు ఎంతమంది? మా సమాధులకు హద్దురాళ్లు పాతించమని ఎన్ని ఊళ్లలో అర్జీలు తిరుగుతున్నాయో మీకు తెలుసు. నిరీక్షణ పరలోకంలో ఉండొచ్చు. సమాధికి మాత్రం సర్వే నంబరు కావాలి.

ఈ మధ్య ఎంఏ చదివే విద్యార్థి ఒకతను నన్ను అడిగాడు. "సార్, చనిపోయినవాళ్లు నిద్రిస్తున్నారంటారు. బతికున్నవాళ్లను నిద్రపుచ్చడానికే కదా ఆ మాట?"

మంచి ప్రశ్న. కొట్టిపారేయను. మతం మారిన అంటరానివాళ్ల పరిస్థితి గురించి అంబేడ్కర్ రాసినప్పుడు, తమకు జరిగే అన్యాయాల మీద క్రైస్తవులు తగినంత పోరాడటం లేదని నొచ్చుకున్నాడు. ఆ విమర్శ ఇప్పటికీ చాలా పల్పిట్లకు వర్తిస్తుంది. పైన దొరుకుతుందిలే, కింద ఓర్చుకో అనే బోధ మా వాడల్లో చాలా నష్టం చేసింది.

కానీ నిద్ర అనే మాటను ఇంకోవైపు నుంచి చూడాలి. నిద్రపోయేవాడికి పేరుంటుంది. పేరు పెట్టి పిలిస్తే లేస్తాడని నమ్మకం ఉంటుంది. గ్రీకులో సమాధుల స్థలానికి క్రైస్తవులు వాడిన మాటకు పడుకునే చోటు అని అర్థం. ఇంగ్లీషులో సిమెట్రీ అనే మాట దాన్నుంచే పుట్టింది. వెట్టివాణ్ని అర్ధరాత్రి లేపేది దొర గొంతు. మా వాళ్లు నమ్మినదాంట్లో, చివరిసారి లేపే గొంతు దొరది కాదు. జీవితమంతా ఎవడో లేపితే లేచిన మనిషి, ఇక నన్ను లేపే హక్కు ఒక్కడికే ఉందని నమ్మి కళ్లు మూశాడంటే, ఆ నిద్రలో ఎంత ధిక్కారం ఉందో చూడండి. ఆ నిద్ర చనిపోయినవాళ్లది. దాన్ని బతికున్నవాళ్లకు అంటగట్టినప్పుడే అది మత్తుమందు అవుతుంది.

ఇక మిర్యాలగూడ. ఈ మూడు పట్టణాల మధ్య బతికేవాణ్ని, ఆ పేరు ఎత్తకుండా చావు గురించి రాయలేను.

2018 సెప్టెంబరు 14న ప్రణయ్‌ను ఆస్పత్రి నుంచి బయటకు వస్తుండగా, గర్భవతిగా ఉన్న భార్య కళ్ల ముందే నరికి చంపారు. దళిత క్రైస్తవ కుటుంబంలో పుట్టి, పై కులపు అమ్మాయిని ప్రేమించి పెళ్లి చేసుకోవడం తప్ప అతను చేసిందేమీ లేదు. చంపించడానికి డబ్బు మాట్లాడింది ఆ అమ్మాయి తండ్రి. క్రైస్తవ పద్ధతిలో భూస్థాపన జరిగింది. వేలమంది వచ్చారు. ఆ రోజుల్లో మిర్యాలగూడలో ప్రార్థనలూ జై భీమ్ నినాదాలూ పక్కపక్కనే వినిపించాయి. అప్పుడు కొందరు విశ్వాసులు నినాదాలకు ఇబ్బంది పడ్డారు. కొందరు ఉద్యమ మిత్రులు ప్రార్థనలకు ఇబ్బంది పడ్డారు. నాకు ఆ రెండూ ఒకే మాటకు రెండు భాగాలనిపించాయి. ప్రార్థన "ఈ బిడ్డ పోలేదు" అంటుంది. నినాదం "ఈ బిడ్డను ఊరికే పోనివ్వం" అంటుంది.

ప్రధాన నిందితుడైన మామ 2020లో చనిపోయాడు. మిగతావాళ్ల మీద కేసు నడిచింది. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి జీవితఖైదు వేసింది. ఆరున్నరేళ్లు పట్టింది. ఉరి గురించి నాకు వేరే అభిప్రాయం ఉంది, అది ఇంకోసారి. ఎవడి చావూ ఇంకొకడికి ఆదరణ కాదు. కానీ ఒక న్యాయస్థానం లేచి, ఈ ప్రాణానికి విలువ ఉంది, దీన్ని తీసినవాళ్లు నేరస్తులు అని రాసి సంతకం పెట్టడం మాత్రం ఆదరణలో భాగమే. కారంచేడు నుంచి చుండూరు దాకా మా వాళ్ల చావులకు దక్కనిది ఎక్కువగా అదే. ఓదార్చేవాళ్లు చాలామంది వచ్చారు. ఆదరించేవాళ్లు తక్కువ.

కాబట్టి పాస్టర్లకు, సంఘ పెద్దలకు ఒక మనవి. మీరు పరాయివాళ్లు కాదు. మా ఇళ్లలో చావు జరిగితే మొదట పరుగెత్తుకొచ్చేది మీరే. నిరీక్షణ చెప్పండి. తప్పకుండా చెప్పండి. మళ్లీ కలుస్తామన్న నమ్మకం లేకపోతే మా అమ్మలాంటి వాళ్లు సగం మంది ఈపాటికి కూలిపోయేవాళ్లు. కానీ ఏడవొద్దని చెప్పకండి. వేల ఏళ్లు మా చావులకు మమ్మల్నే ఏడవనివ్వలేదు. పనికి రమ్మన్నారు. తీరిగ్గా కూర్చుని, మనవాళ్ల మధ్య, మనవాళ్ల కోసం ఏడవగలగడం మేం సంపాదించుకున్నది. దాన్ని వాక్యం పేరుతో వెనక్కి తీసుకోకండి.

ఉద్యమ మిత్రులకూ ఒక మనవి. చావింట్లో పాట వినబడితే మత్తు అని తేల్చేయకండి. ఆ పాట వెనక ఒక పెట్టె ఉంది, నలుగురి భుజాలున్నాయి, ఒక రాయి మీద ఒక పేరుంది. అవి మన చరిత్రలో చిన్న సంగతులు కావు.

మొన్న ఆదివారం అమ్మను తీసుకుని పెద్దమ్మ సమాధి దగ్గరికి వెళ్లాను. మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. పేరు చెక్కిన రాయి ఇంకా రాలేదు. ప్రస్తుతానికి చెక్క శిలువ మీద పెయింటుతో రాశారు. అమ్మ బంతిపూలు పెట్టింది. నేను పక్కన కూర్చుని పౌలు గురించి, లాజరు గురించి, ఇక్కడ రాసిందంతా నాకు చాతనైనట్టు చెప్పాను.

"ఏడువమ్మా. ఏడవొద్దని ఆయన రాయలేదు" అన్నాను.

అమ్మ నావైపు చూసి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆయన చెప్తేనే ఏడుస్తనా బిడ్డా?" అంది. తర్వాత తృప్తిగా, గొంతెత్తి, అక్కా అని పిలుచుకుంటూ ఏడ్చింది. ఏడ్చి లేచి, పక్క సమాధి మీద మొలిచిన పిచ్చిమొక్కలు పీకింది. అది ఎవరిదో మాకు తెలియదు. మనవాళ్లదే అయి ఉంటుంది అంది.

వచ్చే వారం డప్పు గురించి. మీ ఊళ్లలో చావు కబురు మోసిన తాతలు, సమాధి స్థలం కోసం కొట్లాడిన సంఘాలు ఉంటే కింద రాయండి. పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసుకోవాలి.

జై భీమ్.